ముక్కు కొలత, ఊపిరి గణితం

శరీరాన్ని చూసి మనిషిని తెలుసుకోవచ్చునా, తెలుసుకోగలిగితే ఆ తెలివిడి ఎంతవరకు నమ్మదగినది అన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో రెండు చోట్ల ఎదురవుతుంది. ఆత్మ ఏమిటని విచారించేటప్పుడు ఒకసారి, ప్రమాణం ఏమిటని విచారించేటప్పుడు మరొకసారి దాన్ని తాకక తప్పదు. ప్రమాణమంటే సరైన జ్ఞానాన్ని కలిగించే సాధనం. కంటితో చూడటం ప్రత్యక్షం, చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని ఊహించడం అనుమానం, నమ్మదగినవాడు చెప్పగా తెలుసుకోవడం శబ్దం. ఈ మూడింటి బలాబలాలను పరీక్షించడానికి మనిషి ముక్కును మించిన ఉదాహరణ దొరకడం కష్టం, ఎందుకంటే గడిచిన నూట ముప్పై ఏళ్లలో శాస్త్రం పేరిట దాన్ని రెండు పూర్తిగా భిన్నమైన పద్ధతుల్లో కొలిచారు. మొదటి పద్ధతి కాలిపర్లతో బయటినుంచి కొలిచి మనిషి జాతినీ అంతస్తునూ తేల్చబోయింది; రెండవది కంప్యూటర్‌లో ముక్కు లోపలి దారిని పునర్నిర్మించి, అందులో గాలి ఎలా ప్రవహిస్తుందో గణిస్తుంది. పుట్టుకను చూసి మనిషిని నిర్ణయించిన ఒక చట్టం కింద ఏర్పడిన ఊరు స్టూవర్టుపురం గనుక, ఈ రెండు కొలతల మధ్య ఉన్న తేడాను ఆ ఊరి వైపునుంచి ఆలోచించడం సమంజసం.

1891లో బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ భారతీయ కులాల నాసికా సూచికలను ప్రకటించాడు. ముక్కు వెడల్పును దాని పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే సంఖ్యే నాసికా సూచిక. డెబ్బైకి లోపు వస్తే సన్నని ముక్కు, ఎనభై అయిదు దాటితే వెడల్పు ముక్కు, మధ్యలోది మధ్యరకం. కులం అంతస్తు పెరిగేకొద్దీ ముక్కు వెడల్పు తగ్గుతుందని ఆయన సిద్ధాంతీకరించాడు, 1901 జనాభా లెక్కల కమిషనర్‌గా ఆ దృష్టినే దేశమంతటికీ అన్వయించాడు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా 1885 నుంచి 1908 వరకు పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాదిలో ఇదే కొలతల పనిని సాగించి, కె. రంగాచారి సహాయంతో 1909లో ఏడు సంపుటాలుగా దక్షిణ భారత కులాలు, తెగల వివరాలను వెలువరించాడు. తరువాత స్టూవర్టుపురానికి చేరిన సంచార తెగ ఎరుకలవారు అందులో కొరవ అన్న శీర్షిక కింద చేరారు. ముఖ లక్షణాలను బట్టి గుణాన్ని చెప్పే అలవాటు తెల్లదొరలతోనే మొదలైందని అనుకోవడం కూడా సరికాదు. మన సాముద్రిక శాస్త్రం ముక్కు తీరును బట్టి భాగ్యాన్నీ స్వభావాన్నీ చెప్పింది, పెళ్లిచూపుల్లో ఆ చూపు నేటికీ పూర్తిగా పోలేదు. రిస్లీ చేసినదల్లా ఆ పాత చూపుకు దశాంశ బిందువు జోడించడం, దాని వెనుక ప్రభుత్వాధికారాన్ని నిలబెట్టడం.

అదే కాలంలో ఆ అధికారం మరొక పని చేసింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, అంటే కొన్ని తెగలను మొత్తంగా నేరస్థులుగా ప్రకటించడానికి ప్రభుత్వానికి వీలిచ్చిన చట్టం, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఆ చట్టం కింద 1913 ప్రాంతంలో బాపట్ల, చీరాల మధ్య రైలుదారి పక్కన ఎరుకల కుటుంబాల కోసం ఒక సెటిల్‌మెంట్ ఏర్పడింది, దాని నిర్వహణ క్రైస్తవ సంస్థ అయిన సాల్వేషన్ ఆర్మీ చేతికి వచ్చింది, మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివారు హాజరు పలకవలసి ఉండేది, చీటీ లేకుండా ఊరు దాటే వీలు ఉండేది కాదు. కులవృత్తి తండ్రినుంచి కొడుక్కు వచ్చే దేశంలో దొంగతనమూ అలాగే వస్తుందన్నది ఆ చట్టానికి ఆధారమైన తర్కం. అంతకంటే ఘోరమైన సంగతి 1871 చట్టంలోనే ఉంది: ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించే నోటిఫికేషన్‌ను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదు, ఆ నోటిఫికేషనే తిరుగులేని రుజువు అవుతుంది. ప్రమాణ శాస్త్రం దృష్టితో చూస్తే, అనుమానాన్ని ప్రత్యక్షం కంటే పైన కూర్చోబెట్టి, ఆ మనిషి చెప్పే మాటను ప్రమాణాల జాబితాలోంచే తీసివేయడం ఇది.

ఈ అనుమానంలోని దోషాన్ని పట్టుకోవడానికి పరాయి పరికరాలు అక్కరలేదు. తెలుగు దేశపువాడిగా పండితులు చెప్పే అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, న్యాయశాస్త్రంలో తొలి పాఠంగా నేటికీ చదివే చిన్న గ్రంథం, అందుకు చాలు. పొగను చూసి నిప్పును ఊహించాలంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండి తీరాలి. ఈ విడదీయరాని తోడునే వ్యాప్తి అంటారు. సాధించదలచినది లేనిచోట కూడా హేతువు కనిపిస్తే ఆ హేతువు సవ్యభిచారం, అంటే దారి తప్పినది. ముక్కు వెడల్పునుంచి కులం అంతస్తును ఊహించే వాదం ఇక్కడే కూలిపోతుంది. అంబేడ్కర్ 1948లో అస్పృశ్యుల చరిత్ర మీద వెలువరించిన గ్రంథంలో సామాజిక శాస్త్రవేత్త జి. ఎస్. ఘుర్యే క్రోడీకరించిన నాసికా సూచికలనే తీసుకుని, బ్రాహ్మణులకూ అస్పృశ్యులకూ జాతిభేదం ఉందనడానికి ఆ కొలతలు ఆధారం ఇవ్వవని నిరూపించాడు. ప్రత్యర్థి చేతిలోని కొలబద్దతోనే ప్రత్యర్థి వాదాన్ని ఖండించిన ఆ పద్ధతి అచ్చమైన నైయాయికుల పద్ధతి, మన తర్క సంప్రదాయాన్ని చెప్పేవారు ఆయన పేరును అక్కడ చెప్పకపోవడం పెద్ద లోపం.

పుట్టుకనుంచి నేరాన్ని ఊహించే వాదంలో దోషం ఇంకా లోతైనది, దాని పేరు ఉపాధి. న్యాయశాస్త్రంలో ఉపాధి అంటే, రెంటికీ సహజ సంబంధం ఉన్నట్టు భ్రమ కలిగించే మూడవ పరిస్థితి. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని ఎవరైనా అంటే, తడి కట్టె తగిలినప్పుడే ఉంటుంది, కాలిన ఇనుములో నిప్పు ఉన్నా పొగ లేదు అని నైయాయికుడు జవాబిస్తాడు. తడి కట్టె అక్కడ ఉపాధి. ఎరుకలవారిలో చాలామంది ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తానుంచి ఉప్పును లోపలి జిల్లాలకూ అక్కడినుంచి ధాన్యాన్ని ఇటూ చేరవేసిన సంచార వర్తకులు. రైలుమార్గాలు వచ్చి, ప్రభుత్వ ఉప్పు విధానం బిగిసి, అడవులకు ఆంక్షలు పడి ఆ వర్తకం దెబ్బతిన్నది. బతుకుతెరువు పోయిన మనుషుల సంచారమే అనుమానాస్పదమైంది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన గ్రంథంలో ఈ క్రమాన్ని విశదీకరించారు. నేరం ఉన్నచోట ఉన్నది పుట్టుక కాదు, తెగిపోయిన జీవనోపాధి. ఆపైన నిఘా కూడా ఒక తడి కట్టె అయింది, హాజరు పట్టీలో పేరున్నవాడికి బయట ఎవరూ పని ఇవ్వరు గనుక.

ఇక రెండవ కొలత. సీటీ స్కానర్ తలను మిల్లీమీటరు, అంతకంటే తక్కువ మందం గల పొరలుగా చిత్రిస్తుంది. ఆ చిత్రాల్లో గాలి ఉన్న భాగాన్ని కండ, ఎముకలనుంచి వేరుచేసి పేరిస్తే ముక్కు లోపలి ఖాళీ మూడు కొలతల ఆకృతిగా నిలుస్తుంది. ఆ ఖాళీని లక్షల, ఒక్కోసారి కోట్ల చిన్న గదులుగా విభజిస్తారు. ఈ విభజనకు మెష్ అని పేరు. ప్రతి గదిలోనూ గాలి వేగం, పీడనం, ఉష్ణోగ్రత ఎంతో, పక్క గదికి ఎంత పోతుందో నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో, అంటే ద్రవాలూ వాయువులూ కదిలే తీరును చెప్పే పందొమ్మిదో శతాబ్దపు సమీకరణాలతో, కంప్యూటర్ మళ్లీ మళ్లీ గణిస్తుంది. 1995లో కెహానీ, షెరర్, మోజెల్ అనే పరిశోధకులు మనిషి ముక్కు ఆకృతి మీద ఇటువంటి గణనను ప్రచురించిన తరువాత ఈ రంగం వేగంగా పెరిగింది. ఈ సమీకరణాలకు మూడు కొలతల్లో ఎప్పుడూ సక్రమమైన సాధన ఉంటుందా అన్నది గణితంలో నేటికీ తేలలేదు. 2000లో క్లే సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యల్లో అదొకటి. రోజూ వేలసార్లు జరిగే ఊపిరి, దాన్ని వర్ణించే సమీకరణం ఇంకా పూర్తిగా వశంకాకుండానే జరిగిపోతోందన్న సంగతి తత్త్వ విచారకులు కాసేపు ఆగి చూడదగినది.

ఈ గణనలు చూపేది ఆశ్చర్యకరమైన లోకం. మామూలు ఊపిరిలో నిమిషానికి పదిహేను లీటర్ల చొప్పున లోపలికి సాగే గాలి, ముక్కుపుటం దాటి ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల లోపల ఉన్న అతి ఇరుకైన చోట, నాసికా కవాటం అని వ్యవహరించే చోట, వేగం పుంజుకుంటుంది. ఆపైన పక్క గోడల నుంచి లోపలికి వంగిన ఎముక మడతలు, అంటే టర్బినేట్లు, ఆ గాలిని పలుచని పొరలుగా విడదీసి తడి గోడల పక్కన నడిపిస్తాయి. గొంతు పైభాగానికి చేరేలోగా అది దాదాపు శరీర ఉష్ణోగ్రతకు వెచ్చబడి, తేమతో నిండుతుంది. వాసనను గ్రహించే పొర ముక్కు కుహరం పైకప్పులో ఉంటుంది, లోపలికొచ్చే గాలిలో సుమారు పదోవంతు మాత్రమే అక్కడికి చేరుతుంది. ఘ్రాణేంద్రియం ముక్కు కొసన ఉంటుందని అన్నంభట్టు చెప్పిన మాట ఈ విషయంలో నిలవదు. ఆ మాటను సవరించుకున్నంత మాత్రాన ఆయన నేర్పిన తర్కం బలం తగ్గదు, ప్రత్యక్షంతో విరోధించినదాన్ని విడిచిపెట్టమన్నదే ఆ తర్కం గనుక. మరొకచోట మాత్రం మన పెద్దల పరిశీలన నిలిచింది. ఊపిరి కొంతసేపు ఎడమ ముక్కులో ఎక్కువగా, కొంతసేపు కుడి ముక్కులో ఎక్కువగా ఆడుతుందని స్వరశాస్త్రం ఇడా పింగళల పేర్లతో చెప్పింది. జర్మనీలో రిషార్డ్ కైజర్ 1895లో వర్ణించిన నాసికా చక్రం ఇదే. ఒక పగలూ రాత్రికి 21,600 ఊపిరులని హఠయోగులు కట్టిన లెక్క నిమిషానికి పదిహేను అవుతుంది, ఆరోగ్యవంతుడైన పెద్దవాడి ఊపిరికి అది తగిన సంఖ్యే.

బయటి వెడల్పు విషయంలో కూడా లోపలి గాలి దారి చూపుతుంది. చల్లని పొడి గాలిని వెచ్చబరచి తడపవలసిన ప్రాంతాల్లో ముక్కుపుటాలు సన్నబడతాయని ఆర్థర్ థామ్సన్ ఒక శతాబ్దం కింద ప్రతిపాదించాడు. దక్షిణాసియా సహా నాలుగు ప్రాంతాల మూలాలు గలవారి ముఖాలను పరిశీలించి 2017లో వెలువడిన జన్యు అధ్యయనం, ముక్కుపుటాల వెడల్పుకు పూర్వికుల నేలలోని వేడితో, గాలిలోని తేమతో సంబంధం ఉన్నట్టు చూపింది. అంటే రిస్లీ అంతస్తును చదివానని అనుకున్న చోట రాసి ఉన్నది వాతావరణం, వంశక్రమం. ఇదీ ఉపాధే. కాలిపర్ చెప్పలేనిది గాలి గణితం చెప్పగలగడానికి కారణం, మొదటిది ఆకారాన్ని చూసి విలువను అడిగింది, రెండవది ఆకారాన్ని చూసి అది చేసే పనిని అడుగుతుంది.

అయినా రెండవ కొలతకూ ఒక హద్దు ఉంది, ఈ విచారణలో ముఖ్యమైన ఘట్టం అక్కడే ఉంది. ముక్కు మూసుకుపోయిందని బాధపడే కొందరికి టర్బినేట్లను ఎక్కువగా తొలగించే శస్త్రచికిత్స చేసినప్పుడు, దారి విశాలమై, గాలికి అడ్డు తగ్గినా, వారిలో కొందరు ఊపిరి ఆడటం లేదని తల్లడిల్లుతారు. 1990లలో దీనికి శూన్య నాసికా లక్షణసముదాయం అని పేరు పెట్టారు. దారి తెరిచే ఉంది, పరీక్షలో లోపం కనబడదు, కాబట్టి బాధ మనసులోనిదే అన్న మాట అలాంటి రోగులు తరచుగా విన్నారు. తరువాత గాలి గణనలు దీనికి ఒక వివరణ ఇచ్చాయి: ఆ ముక్కుల్లో గాలి ఒక పాయగా ఒకవైపు దూసుకుపోతుంది, మిగతా గోడలను తాకదు, గోడ చల్లబడదు. ఊపిరి ఆడుతోందన్న అనుభూతి గాలి పరిమాణం నుంచి వచ్చేది కాదు, గాలి తాకిన గోడ చల్లబడటాన్ని పసిగట్టే నాడుల నుంచి వచ్చేది. ఆ చల్లదనాన్ని గుర్తించే అణువునే మెంథాల్ కూడా తట్టిలేపుతుంది, అందువల్లనే కాశీనాథుని నాగేశ్వరరావు తయారుచేసిన అమృతాంజనం వాసన చూసినవారికి లోపలి అడ్డు ఏమాత్రం తగ్గకపోయినా ముక్కు తెరుచుకున్నట్టు తోస్తుంది. కై ఝావో బృందం అమెరికాలో చేసిన పరిశోధనల్లో, ముక్కు ఎంత తెరిచి ఉన్నట్టు అనిపిస్తుందో చెప్పడానికి గాలికి ఎదురయ్యే అడ్డుకంటే గోడ కోల్పోయే వేడిమి మెరుగైన సూచిక అని తేలింది.

ఆ సూచిక మెరుగైనదని ఎలా తెలిసింది? ఊపిరి తీసుకుంటున్నవారిని ఎలా ఉందని అడిగి, వారు చెప్పిన జవాబుతో గణనను సరిపోల్చగా తెలిసింది. లక్షల గదుల్లోని వేగాలూ పీడనాలూ తెలిసిన కంప్యూటర్‌కు ఊపిరి అందుతోందా లేదా అన్న సంగతి తనంతట తెలియదు; ఆ సంగతికి ప్రమాణం ఊపిరి తీసేవాడి అనుభవం, బయటివారికి ఆ అనుభవం అందేది శబ్దంగా మాత్రమే. స్కానర్ పట్టుకున్నది కూడా పడుకున్న మనిషి ముక్కును, నాసికా చక్రంలోని ఒక క్షణంలో. గోడలు కదలవని, శ్లేష్మం లేదని చాలా గణనలు భావించుకుంటాయి. నిజాయితీ గల పరిశోధకులు ఈ షరతులను ముందే చెబుతారు. 1871 చట్టం తన అనుమానానికి ఎదురుమాట వినబడకుండా కట్టడి చేస్తే, ఈ శాస్త్రం తన అనుమానం తప్పో ఒప్పో తేల్చమని రోగి మాటకే అప్పగిస్తుంది. రెండు కొలతల మధ్య ఉన్న నైతిక భేదం పరికరాల సూక్ష్మతలో లేదు, ఇక్కడ ఉంది.

ఊపిరిని గురించి మూడు ధర్మాలు స్టూవర్టుపురానికి వినిపించాయి, మూడింటినీ ఈ వెలుగులో చూడవచ్చు. ఛాందోగ్యోపనిషత్తులో వాక్కు, కన్ను, చెవి, మనస్సు ఎవరు గొప్పని ప్రాణంతో పోటీపడి, ఒక్కొక్కటీ ఏడాదిపాటు శరీరాన్ని విడిచి వెళ్లి వచ్చాక, ప్రాణం లేవబోయేసరికి అన్నీ కదిలిపోయి దానికి లొంగుతాయి. అక్కడ ప్రాణానికి కులం లేదు, అయితే అదే ఉపనిషత్తులో మంచి నడతకు మంచి జన్మ, చెడు నడతకు నీచజన్మ అన్న మాటా ఉంది, పుట్టుకను నేరంతో ముడివేసే బుద్ధికి ఈ దేశంలో తేలికగా చోటు దొరకడానికి అదొక కారణమని ఒప్పుకోవాలి. సాల్వేషన్ ఆర్మీ తెచ్చిన బైబిల్‌లో దేవుడు మట్టితో చేసిన మనిషి నాసికారంధ్రాల్లో జీవవాయువును ఊదుతాడు. ఆ ఊపిరి అందరికీ ఒకటే అయితే పుట్టునేరస్థుడు అన్న మాటకు తావుండదు. సంస్కరణ సాధ్యమని సంస్థ నాయకుడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ నమ్మింది అందుకే, కాని ఆ నమ్మకంతో వచ్చినవారే హాజరు పట్టీని నడిపారు. మూడవది నాస్తికత్వం. నాస్తికవాది గోరా కుమారుడు లవణం, కవి జాషువా కుమార్తె హేమలత 1970లనుంచి ఆ ఊరివారితో పనిచేసినప్పుడు ఆత్మను గురించి ఏ వాదమూ చేయలేదు. నేరాన్ని విడిచిపెట్టదలచినవారికి పనీ చదువూ పరువూ దొరికే దారి చూపబోయారు. తర్కం భాషలో చెప్పాలంటే వారు ఉపాధిని తొలగించారు, ఎదుటి మనిషి మాటను ప్రమాణంగా తీసుకున్నారు. దేవుణ్ణి నమ్మిన రెండు సంప్రదాయాలూ ప్రాణం గురించి చెప్పిన మంచి మాట, నమ్మని ఈ ఇద్దరి చేతల్లో ఎక్కువగా కనిపించిందనడం ఆ సంప్రదాయాలకు అవమానం కాదు, వాటికి మిగిలిన పని.

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కాని మొత్తం జనంలోంచి ఒక నమూనాను తీసి మనిషిమీద మోపే బుద్ధి చట్టంతో పాటు రద్దు కాదు, ఊరి పేరును దొంగతనంతో ముడిపెట్టిన సినిమాలు ఆ తరువాత కూడా వచ్చాయి. కంప్యూటర్ గణనలోనూ ఆ ప్రమాదం పొంచి ఉంది: కొద్దిమంది స్కాన్‌లను సగటు చేసి ప్రామాణికమైన ముక్కును తయారుచేసి, దానికి దూరమైన ప్రతి ముక్కునూ లోపంగా చూడటం మొదలైతే నాసికా సూచిక మళ్లీ పుట్టినట్టే. తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో, ఇంజనీరింగ్ విద్యాలయాల్లో ఈ గణనలు చేసేవారు తీరప్రాంతపు ఉక్కలో, మిరప ఘాటులో, పొగాకు బేరన్ల పొగలో బతికే మనుషుల ముక్కులనూ తమ నమూనాల్లో చేర్చుకోవాలి. సమ్మతి అడిగి, ఫలితాన్ని వారికే ముందు చెప్పాలి. నమోదు పత్రంలో వయసు, వృత్తి, నివాసం, పొగతాగే అలవాటు అడగవచ్చు, ఊపిరి ఎలా ఆడుతోందని తప్పక అడగాలి, కులం గడి మాత్రం ఉండకూడదు.